మైక్ సెట్టు యాంప్లిఫయర్‌ని గిటార్‌కి మారుస్తున్నా: ఇంతవరకు అయిన పని

కందుకూరు దగ్గర మైక్ సెట్లు అద్దెకిచ్చే పెద్దాయన ఒకరు కొట్టు ఖాళీ చేస్తుంటే ఈ వాల్వు (గాజు బుడ్డి లాంటి పాతకాలపు ఎలక్ట్రానిక్ ట్యూబు) యాంప్లిఫయర్ నా చేతికొచ్చింది. ఒకప్పుడు శ్రీరామనవమి పందిళ్లలో, పద్యనాటకాల్లో గొట్టం మైకుల్ని మోగించిన పెట్టె. లోపల వాల్వులు ఐదు: స్పీకర్‌ని నడిపే ఈఎల్84లు రెండు, చిన్న సిగ్నల్‌ని పెంచే ఈసీసీ83లు రెండు, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌గా ఒక ఈజెడ్81. ఈఎల్84ల మీద బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ముద్ర ఇంకా చెరగలేదు. దీన్ని మార్షల్ లాంటి పేరున్న గిటార్ యాంప్లిఫయర్‌గా మార్చేద్దామన్న ఆశ నాకు లేదు. ఈ పెట్టెలో విలువైనవి రెండు ట్రాన్స్‌ఫార్మర్లే. అవి బాగున్నంత కాలం స్పీకర్‌ని నడిపే వెనక భాగం జోలికి పోకుండా, సిగ్నల్‌ని మొదట పెంచే ముందు భాగాన్ని గిటార్‌కి సరిచేస్తే చాలు.

ముందు కరెంటు సంగతి. రెండు పిన్నుల పాత తీగ తీసేసి మూడు పిన్నులది వేశా. ఎర్తుని ఛాసిస్‌కి విడిగా ఒక బోల్టుతో బిగించా. ఫేజు ముందు ఫ్యూజుకి, ఆ తర్వాతే స్విచ్చికి వెళ్తుంది. వాల్వులన్నీ పీకి, 60 వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టి ఆన్ చేస్తే బల్బు దాదాపు వెలగలేదు. షార్టుంటే గట్టిగా వెలిగేది, కాబట్టి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ క్షేమం.

డీసీని నున్నగా చేసే ఫిల్టర్ కెపాసిటర్లు మాత్రం ఉబ్బిపోయి ఉన్నాయి. పైకి కనిపించే పాత డబ్బాని అందం కోసం అలాగే ఉంచి, కనెక్షన్లు తీసేసి, కింద 33 మైక్రోఫారడ్, 450 వోల్టులవి కొత్తవి వేశా. ఎక్కువ వేస్తే గుయ్‌మనే శబ్దం తగ్గుతుంది కదా అని 100 పెట్టకండి. ఈజెడ్81 తర్వాత వచ్చే మొదటి కెపాసిటర్ 50కి మించకూడదు, మించితే రెక్టిఫయర్ ఆయుష్షు తగ్గుతుంది. ఇవి చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికాయి. మన వైపు 450 వోల్టుల కెపాసిటర్ కావాలంటే ఫ్యాను కండెన్సర్ తీసి చేతిలో పెడుతున్నారు!

అసలు దొంగ కప్లింగ్ కెపాసిటర్ల (ఒక వాల్వు నుంచి ఇంకోదానికి సిగ్నల్‌ని పంపి డీసీని ఆపేవి) దగ్గర దొరికాడు. ఈఎల్84లు రెండూ పీకేసి, మిగతావి ఉంచి, ఖాళీ సాకెట్లో 2వ పిన్ను దగ్గర మీటరు పెట్టా. అది గ్రిడ్ (వాల్వులోకి సిగ్నల్ వెళ్లే చోటు), అక్కడ సున్నా ఉండాలి. ఒకదానిలో సున్నానే. రెండోదానిలో ముల్లు నెమ్మదిగా ఎక్కి 7 వోల్టుల దగ్గర ఆగింది. వాల్వే లేదు కాబట్టి తప్పు వాల్వుది కాదు, ముందున్న కెపాసిటర్ డీసీని లీక్ చేస్తోంది. అలాగే వదిలేస్తే ఆ వాల్వు ప్లేటు (లోపలి రేకు) ఎర్రగా కాలి, దాంతోపాటు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు. వాల్వు పెట్టాక మాత్రమే వోల్టేజీ కనిపిస్తే అప్పుడు వాల్వుని అనుమానించాలి. పాత కాగితం కెపాసిటర్లన్నీ తీసి 0.022 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మువి వేశా.

మా కావలి గాలిలో ఉప్పుంటుంది. సాకెట్లకి పట్టిన చిలుము ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో వదిలింది.

వాల్వులన్నీ పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ 8 ఓమ్‌ల ట్యాపుకి (కనెక్షన్ పాయింటుకి) స్పీకర్ బదులు 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ తగిలించి ఆన్ చేశా. లోడు లేకుండా వాల్వు యాంప్లిఫయర్‌ని ఎప్పుడూ నడపకూడదు. వాల్వుల్ని లోపల వేడెక్కించే హీటర్ వోల్టేజీ 6.3 ఉండాలి, 6.8 దాటింది. చూస్తే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ 220 ట్యాపు మీద ఉంది, మా వీధిలో రాత్రిపూట 240 వస్తుంది. ట్యాపు మార్చగానే 6.3కి దిగింది. ఒక్కో ఈఎల్84 కాథోడ్‌కి (ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటు) 1 ఓమ్ రెసిస్టర్ వేశా, మీటరులో మిల్లీవోల్టు ఎంతో కరెంటు అన్ని మిల్లీ యాంపులు. 44, 41 వచ్చాయి. 44 వచ్చినదానిలో స్క్రీన్ (వాల్వులోని ఇంకో గ్రిడ్) వాటా నాలుగైదు తీసేస్తే ప్లేటు మీద దాదాపు 294 వోల్టులకి పదకొండున్నర వాట్లు. 12 దాటకూడదు కాబట్టి 130 ఓమ్‌ల కాథోడ్ రెసిస్టర్‌ని ముట్టుకోలేదు.

మార్పులు మూడే. మొదటి ఈసీసీ83 గ్రిడ్‌కి 68 కిలో ఓమ్ రెసిస్టర్, సరిగ్గా పిన్ను దగ్గరే. కాథోడ్ దగ్గర 25 మైక్రోఫారడ్ తీసి 2.7 కిలో ఓమ్, 0.68 మైక్రోఫారడ్ జోడీ, మార్షల్ పద్ధతి. దీంతో గెయిన్ పెంచినా బేస్ బురదబురదగా ఉండదు. మూడోది నాకు బాగా నచ్చింది. మాట స్పష్టంగా వినపడాలని మైక్ యాంప్లిఫయర్‌లో నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి బరబర తగ్గించడం) గట్టిగా ఇస్తారు. ఆ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కి సీరీస్‌లో 100 కిలో ఓమ్ పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) పెట్టా. ఒక చివర శుభ్రంగా పలుకుతుంది, రెండో చివర తీగ గట్టిగా మీటితే గరగరమంటుంది. ముప్పావు వంతు దగ్గర ఆగితే బ్లూస్‌కి భలే ఉంది.

పెద్దాయన వచ్చి విన్నాడు. “ఏం అబ్బయా, ఈ బరబర పోగొట్టడానికే కదా మేం అన్నేళ్లు తిప్పలు పడింది?” అని నవ్వాడు.

ఇంకా సన్నగా గుయ్‌మంటోంది. హీటర్ తీగలు రెండింటి నుంచి ఎర్తుకి చెరో 100 ఓమ్ వేసి, తీగల్ని మెలిపెట్టి చూడాలి. గొట్టం మైకులకి దూరం తీగలు లాగడానికి వెనకున్న 100 వోల్టుల లైన్ టెర్మినళ్ల మీద చెయ్యి పడకుండా అట్ట బిగించాలి. 12 అంగుళాల, 8 ఓమ్‌ల స్పీకర్ ఆర్డర్ పెట్టా. క్యాబినెట్‌కి వేప పలక కొన్నా, అది బాగా ఆరాకే కోస్తానని వడ్రంగి అంటున్నాడు.