పోలి పాడ్యమి, అరటి దొప్ప

ఒడిశాలోని పర్లాకిమిడిలో మహేంద్రతనయ ఏటి రేవుకి కార్తీకం రెండుసార్లు వీడ్కోలు చెబుతుంది. ఒడియావాళ్ల నెల పున్నమితో సరి. ఆ వేకువన తమలపాకు, వక్క పెట్టిన చిన్న పడవలను నీట్లో వదులుతారు. మన నెల అమావాస్య దాకా నడుస్తుంది కాబట్టి, ఆ మర్నాడు మార్గశిర శుద్ధ పాడ్యమి తెల్లవారుజామున అరటి దొప్పలో దీపం వదిలి, కార్తీక కథలోని చిన్న కోడలు పోలిని స్వర్గానికి పంపుతాం. ఏరు అదే, అరటి దొప్ప అదే, ఆకాశం మాత్రం వేరు. పున్నమి వేకువన చంద్రుడు పడమట దిగుతూ ఇంకా వెలుగుతుంటాడు. పాడ్యమినాడు సూర్యుడి వెంటే ఉండి కంటికి ఆనడు. ఆ చీకట్లో వత్తి వెలుగే వెలుగు.

"రసోఽహమప్సు కౌంతేయ ప్రభాస్మి శశిసూర్యయోః" అన్నాడు కృష్ణుడు గీత ఏడో అధ్యాయంలో. నీళ్లలో రుచి, సూర్యచంద్రుల్లో కాంతి తానేనట. తర్వాతి శ్లోకంలో మట్టిలోని మంచి వాసన, నిప్పులోని తేజస్సు కూడా చేర్చాడు. నాలుకకు, కంటికి, ముక్కుకు తగిలే గుణాల్లో తనను చూపించాడన్నమాట. ఆచమనానికి మినపగింజ మునిగేటన్ని నీళ్లే తీసుకోమనడంలోని సొగసు ఇక్కడ తెలుస్తుంది. అంత కొంచెం నీళ్లు దాహం తీర్చవు, రుచి మాత్రం తెలుస్తుంది. ఇంటినుంచి తెచ్చుకున్న మంచినీళ్లతోనే చేయండి, ఏటి నీళ్లు వద్దు.

ఇక దొప్ప సంగతి. గెల కొట్టేశాక ఎలాగూ నరికేసే బోదె చాలు, కాయని చెట్టు జోలికి పోనక్కర్లేదు. పై పట్ట ఎండి చిల్లులు పడి ఉంటుంది, తీసెయ్యండి. లోపలి రెండో మూడో పట్టల్లో అడుగు పొడవు ముక్క కోసి, గుంట వైపు పైకి ఉంచి, రెండు కొసలూ రెండేసి అంగుళాలు మడిచి ఈనెపుల్ల గుచ్చాలి. పట్టను అడ్డంగా కోసి చూస్తే జల్లెడలా గాలి గదులు కనిపిస్తాయి, తేలేది వాటివల్లే. ముందురోజు సాయంత్రం కోస్తే తడిగుడ్డలో చుట్టి ఉంచండి. ఎండితే వంకర పోతుంది, పైగా నిప్పు అంటుకుంటుంది. పచ్చి పట్ట నిండా నీరే, మంట దాని జోలికి రాదు.

నెల్లాళ్లకూ లెక్కగా 30 వత్తులు కలిపి, రాత్రే ఆవునెయ్యిలో నానబెట్టాలి. నూనె పోస్తే దొప్ప కాస్త ఒరిగినా ఒలికిపోతుంది. చలికి పేరుకున్న నెయ్యి కదలదు, వత్తి వేడికి తనకు కావలసినంతే కరుగుతుంది. ఈ లెక్క మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. కథలో పోలి కూడా కవ్వానికి అంటిన వెన్నతోనే కదా దీపం పెట్టింది! వత్తుల కట్ట సరిగ్గా నడిమధ్యన ఉండాలి, ఒక కొసకు జరిగితే ఆ వైపు మునుగుతుంది.

చాలామంది దీపాలు వదిలిన చోటికే తిరిగొస్తాయి. అపశకునమని బెంగపడతారు గానీ, గట్టు వారన నీరు సుడి తిరిగి వెనక్కి నడవడమే దానికి కారణం. ముందు ఒక పువ్వు వేసి, అది ఎటు పోతుందో చూడండి. లోతు తెలిసిన రేవైతే మోకాలి లోతుకు దిగి, దొప్ప వదిలి, అరచేత్తో మూడుసార్లు మెల్లగా నీళ్లు తోయాలి. గట్టిగా తోస్తే అల లోపలికి వచ్చి వత్తి ఆరుతుంది. గాలి వీస్తుంటే ఒక్క నిమిషం ఆగండి. ఆ నిమిషంలోనే తడి ఇసుక వాసన, కోసిన వరి వాసన ముక్కుకు తగులుతాయి.

గుణుపురంలో వంశధారకో, రాయగడలో నాగావళికో వెళ్లలేనివాళ్లు తులసికోట దగ్గర ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి వదలవచ్చు. థర్మాకోల్ పడవలు, ఇనుప గుండుసూదులు మాత్రం వాడొద్దు. తెల్లారాక ఒడ్డుకు తగిలిన దొప్పలను ఆవులు నమిలేస్తుంటాయి.