కంటి డాక్టరు పట్టుకున్న బీపీ

కళ్లజోడు పవర్ మారిందేమోనని చూపించుకోవడానికి వెళ్లాను. చుక్కలు వేసి, కంటిపాపలు పెద్దవయ్యాక డాక్టరుగారు లైటు పెట్టి లోపలికి చూశారు. ఒక కన్ను అయింది, రెండోదీ అయింది. మళ్లీ మొదటి కంటికే వచ్చారు.

"మీకు బీపీ ఉందా అమ్మా?"

లేదన్నాను. ఆవిడ రెటీనా, అంటే కంటి వెనక పొర, ఫొటో తీయించి స్క్రీన్ మీద చూపించారు. నారింజ రంగు నేపథ్యంలో ఎర్రటి దారాల్లా రక్తనాళాలు. ధమనులు ఉండాల్సినదానికంటే సన్నబడ్డాయట. ధమని సిరను దాటే చోట సిర నొక్కుకుపోయి ఉంది. ఒక మూల నిప్పురవ్వంత రక్తపు మరక. కోత లేకుండా రక్తనాళాల్ని నేరుగా చూడగలిగేది కంట్లోనేనని, ఇక్కడ ఇలా ఉంటే గుండె, కిడ్నీలు కూడా చూపించుకోవాలని చెప్పి, ఆ రోజే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లమన్నారు.

అక్కడ చూస్తే 172/106. కాసేపు కూర్చోబెట్టి రెండు చేతులకూ మళ్లీ చూశారు. పెద్దగా తగ్గలేదు. నాకు తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు, మెట్లెక్కితే ఆయాసం లేదు. కోపిష్టిని కూడా కాదు. బీపీ అంటే మనకు కోపమూ టెన్షనే గుర్తొస్తాయి గాని, లోపల ఒత్తిడి అంతంత ఉన్నా మనిషి నవ్వుతూ తిరగగలడని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదేమో. ప్రపంచం మొత్తం మీద బీపీ ఉన్న పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదట.

ఆ మాట విన్నప్పుడు నాన్న గుర్తొచ్చారు. ఆయనకు పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో చేర్చిన రాత్రే ఆయనకు బీపీ ఉందని మాకు తెలిసింది. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. ఎంత కాలం నుంచి ఉందో చెప్పగలిగేవాళ్లు లేరు, ఎందుకంటే అంతకుముందు ఎవరూ చూడలేదు. ఈ విషయం చెప్పగానే డాక్టరు కాగితం మీద రాసుకున్నారు. కుటుంబంలో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ.

పరీక్షలన్నీ చేశారు. ఎకోలో, అంటే గుండె స్కానింగులో, గుండె ఎడమ గది గోడ కాస్త మందమైందని వచ్చింది. ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని తోయాలి గదా, బరువులెత్తే చేతి కండలా అదీ గట్టిపడుతుంది. కానీ గుండెకు ఆ గట్టిదనం మంచిది కాదు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, మామూలుగానే ఉంది. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మాత్రం 90 దాకా వచ్చింది, 30 లోపు ఉండాలి. కిడ్నీ జల్లెడలో చిల్లులు పడటం మొదలైందన్నమాట. "ఇప్పుడు దొరికింది కాబట్టి వెనక్కి తేవచ్చు" అన్నారు డాక్టరు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇంటికి వచ్చాను.

టెల్మిసార్టన్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టారు. అది సరిపోక తర్వాత ఆమ్లోడిపిన్ అనే ఇంకో మాత్ర చేర్చారు. దానితో సాయంత్రానికి చీలమండలు వాచేవి. డాక్టరుతో చెబితే డోసు తగ్గించారు, వాపు పోయింది. ఇలాంటివి వచ్చినప్పుడు మందు మనంతట మనమే ఆపేయకుండా వెళ్లి చెప్పాలి, మార్చడానికి చాలా మందులున్నాయి. "మాత్ర అలవాటు చేసుకుంటే జీవితాంతం మింగాల్సిందే" అని భయపెట్టినవాళ్లు నాకూ ఉన్నారు. మింగుతాను. నాన్న చివరి సంవత్సరాలు చూసినదాన్ని, నాకు ఆ మాత్ర బరువు కాదు.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు. అందులోనే ప్యాకెట్లలో దాగి వచ్చేదీ కలుస్తుంది. రుచి తెలియకపోవడం కొన్ని వారాలే, తర్వాత నాలుక సర్దుకుంది. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కూడా బీపీ పెంచుతాయని అప్పుడే తెలిసింది.

ఇంట్లో మెషీన్ కొనుక్కున్నాక అసలు చూసుకోవడమే ఒక పని అని అర్థమైంది. కాఫీ తాగి అరగంట దాటాలి. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. కఫ్, అంటే చేతికి చుట్టే పట్టీ, చొక్కా చేతి మీద కాదు, ఒంటి మీదే కట్టాలి. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. ఒకసారి అందులో ఏదీ పాటించకుండా చూసుకుంటే పదిహేను పాయింట్లు ఎక్కువ చూపించింది. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకుంటాను. ఆస్పత్రిలో ఒక్కసారి హడావిడిగా చూసిన అంకె కంటే ఈ పుస్తకంలో ఉన్న వరుసనే మా డాక్టరు ఎక్కువ నమ్ముతారు.

ఏడాది తిరిగేసరికి బీపీ 130/80 లోపు నిలబడింది. ఆల్బుమిన్ 30 కిందికి దిగింది. కంట్లో ఆ మరక ఇంకిపోయింది. సన్నబడ్డ నాళాలు మాత్రం అలాగే ఉన్నాయి.

తమ్ముడిని కూడా చూపించుకోమని వెంటపడ్డాను. "నాకేంటక్కా, రోజూ జిమ్‌కి వెళ్తున్నాను" అన్నాడు. నేనే కూర్చోబెట్టి కఫ్ కట్టాను. వారం రోజుల సగటు 138/88 వచ్చింది. ఇంట్లో చూసుకున్నప్పుడు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. డాక్టరు వాడికి 24 గంటల మెషీన్ పెట్టారు. నిద్రలో బీపీ తగ్గాలి, వాడికి తగ్గలేదు. గురక పెడతాడా అని అడిగితే మా మరదలు వాడికంటే ముందు జవాబు చెప్పింది. నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉండటం కూడా బీపీ పెరగడానికి ఒక కారణమట. వచ్చే వారం వాడికి స్లీప్ స్టడీ, నేనూ వెంట వెళ్తున్నాను.