కోన్ సెట్ మార్చినా ఆగని వణుకు, మధ్యలో డామినార్ లెక్కలు

కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, మార్చాక కూడా హ్యాండిల్ వణుకు పోలేదు. ఆదివారం తెల్లవారుజామున చంద్రగిరి దాటి, పూతలపట్టు వైపు రోడ్డు ఖాళీగా దొరికిన చోట 80 దాకా లాగి థ్రాటిల్ వదిలాను. 66 వరకు అంతా బాగుంది. 64 దగ్గర మొదలైంది. 62కి రెండు గ్రిప్పులూ అరచేతుల్లో కొట్టుకుంటున్నాయి. 57కి వచ్చేసరికి ఏమీ జరగనట్టు ఆగిపోయింది. పార్టుకు డబ్బు పోయింది, కూలికి పోయింది, పార్టు వచ్చేదాకా బండి షెడ్డులో పడి ఉంది. చిరాకు మామూలుగా లేదు.

బండి 2013 హోండా సీబీఆర్ 250ఆర్, ఏబీఎస్‌ది. దీన్ని ఇచ్చేసి బజాజ్ డామినార్ 400 తీసుకుందామా అని లెక్కలు వేసుకుంటున్న సమయంలోనే ఈ వణుకు మొదలైంది. దాంతో ఇంట్లో అందరికీ జవాబు దొరికేసింది. ‘పాతబడిపోయింది, తీసెయ్’ అంటున్నారు. మా మెకానిక్ అన్నయితే ‘ఇంకా ఎన్నాళ్లు సాకుతావు సామీ దీన్ని’ అని నవ్వేశాడు. నాకు మాత్రం ఈ సంగతి తేలకుండా బండి మార్చబుద్ధి కావడం లేదు. కొత్త బండి కావాలనుకుంటే దానికి వేరే కారణాలున్నాయి, అవి కింద రాస్తాను.

మిగతా పనులన్నీ బాగా కుదిరాయి: చైన్ స్ప్రాకెట్, కూలెంట్, వెనక బ్రేక్ ప్యాడ్లు. చైన్‌కు ఎంత ఖరీదైన స్ప్రే కొన్నా చివరికి 90 నంబర్ గేర్ ఆయిల్‌కే వస్తాను. దుమ్ము పట్టదు, చవక.

ఇక వణుకు. థ్రాటిల్ వదిలి, చేతుల బరువు తీసేసి, వేళ్లు మాత్రం గ్రిప్పుల మీద ఆనించినప్పుడే వస్తుంది. గట్టిగా పట్టుకుంటే తెలియదు. రెండు చేతులూ వదిలేసి చూడమని చెప్పేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చేయకండి. వెనక టాప్ బాక్స్ ఉంటే 70 దగ్గరే మొదలై పెద్దదవుతుంది. బాక్స్ తీసేస్తే 64 నుంచి 57 మధ్యకు తగ్గుతుంది కానీ పోదు. పైన చెప్పిన ఆదివారం నాటి అంకెలు బాక్స్ లేకుండా చూసినవే.

కోన్ సెట్‌ను అనుమానించడానికి గట్టి కారణమే ఉంది. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ తిప్పితే, సరిగ్గా మధ్యలో ‘టక్’మని కూర్చునేది. బాల్ రేస్‌లో, అంటే బేరింగు గోళీలు దొర్లే వలయంలో, గుంట పడిందన్నమాట. లగేజీ తూచే డిజిటల్ కాటా కొక్కేన్ని ఫోర్క్ గొట్టానికి తగిలించి లాగి చూస్తే 400 గ్రాములకే కదిలేది, మధ్యలో మాత్రం 900 దాకా పట్టేది. కొత్త సెట్ వేసి బిగించాక అటు ఇటు ఒకే రకంగా 1.1 కిలోలు వస్తోంది, ఎక్కడా పట్టడం లేదు. ఇప్పుడు మలుపుల్లో బండి ఎంత బాగా తిరుగుతోందో! అంటే ఆ పార్టు నిజంగానే పోయింది, మార్చాల్సిందే. కానీ వణుకుకు అసలు మూలం అది కాదు.

గాలి ఒత్తిడి కూడా మార్చి చూశాను. కంపెనీ చెప్పిన 29 పీఎస్ఐ దగ్గర పైన చెప్పినట్టే. 33 పెడితే వణుకు కొంచెం చిన్నదైంది, రోడ్డు మీది ప్రతి గతుకూ మణికట్టుకు తెలిసింది. 25కి దించితే పెద్దదైంది. వీల్ బేరింగుల్లో లూజు లేదు. దారం కట్టి చూస్తే వెనక చక్రం ఒక మిల్లీమీటరు పక్కకు ఉంది, సరిచేశాను, తేడా రాలేదు. ముందు చక్రం విప్పి యాక్సిల్ మీద తిప్పి, బరువైన వైపుకు ఎదురుగా 25 గ్రాములు అంటించాను. కాస్త తగ్గింది, అంతే.

ఆ తర్వాత ఫోన్ తీశాను. ట్యాంక్ బ్యాగ్ మీద కట్టి, బార్ చివర కనిపించేలా పెట్టి, సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీశాను. ఇంటికొచ్చి ఫ్రేములు లెక్కపెడితే హ్యాండిల్ ఒకసారి అటు వెళ్లి ఇటు రావడానికి 27 ఫ్రేములు పడుతోంది. అంటే సెకనుకు దాదాపు 9 సార్లు. 110/70-17 టైరు చుట్టుకొలత సుమారు 1.84 మీటర్లు. స్పీడోమీటర్ 62 చూపిస్తున్నప్పుడు జీపీఎస్‌లో 58 ఉంది. 58 అంటే సెకనుకు 16.1 మీటర్లు, చక్రం సెకనుకు 8.8 చుట్లు. చక్రం ఒక చుట్టు తిరిగితే హ్యాండిల్ ఒకసారి ఊగుతోంది! ఈ లెక్క కుదిరిన రాత్రి నిద్ర పట్టలేదు.

బైకు ముందు భాగానికి తనంతట తాను ఊగే వేగం ఒకటుంటుంది, మామూలుగా సెకనుకు 4 నుంచి 10 సార్ల మధ్య. చక్రం నుంచి వచ్చే తోపు సరిగ్గా ఆ వేగంతో కలిసినప్పుడు చిన్న తోపు కూడా పెద్ద వణుకవుతుంది. అందుకే 70 పైన లేదు, 55 కింద లేదు. వెనక బాక్స్ బరువు, అరిగిన కోన్ సెట్ ఆ వణుకును పెంచుతాయే తప్ప పుట్టించవు. పుట్టించేది చక్రంతో పాటు తిరిగే వస్తువే కావాలి. రిమ్, డిస్క్, టైరు.

ఫోర్క్‌కు పెన్సిల్ కట్టి, మొన అంచుకు ఆనేలా పెట్టి చక్రం తిప్పాను. రిమ్ తేడా 0.4 మిల్లీమీటర్లు, ఏమీ కాదు. టైరు నడినెత్తి మాత్రం ఒకచోట 1.6 మిల్లీమీటర్లు పైకి లేస్తోంది. అరచేత్తో తడిమితే ముందు నుంచి వెనక్కి నున్నగా ఉంది, వెనక నుంచి ముందుకు తడిమితే రంపం పళ్లలా గీరుతోంది. గాళ్ల మధ్య ఉండే రబ్బరు బ్లాకు ముందు అంచు ఎత్తు 3.9 మిల్లీమీటర్లు, వెనక అంచు 2.7. పైకి చూస్తే గాడి ఇంకా చాలా ఉంది కాబట్టి ఏ పంచర్ షాపులోనూ దీన్ని మార్చమనరు. పక్కగోడ మీది కోడ్ 3419, అంటే 2019లో 34వ వారం తయారైంది. నా అనుమానం తొంభై శాతం దీని మీదే. మిగతా పది శాతం వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ బుష్ మీద, అది ఇంకా విప్పలేదు.

సరే, డామినార్. నేను మారాలనుకోవడానికి అసలు కారణం మొగిలి ఘాట్. చిత్తూరు నుంచి పలమనేరు ఎక్కేటప్పుడు వెనక మా ఆవిడ, బాక్స్ నిండా సామాను, ముందు వరుసగా లారీలు. నా బండి పవర్ 26.5 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), బరువు 167 కిలోలు. డామినార్ 40 పీఎస్, 193 కిలోలు. ఇద్దరు మనుషులూ సామానూ కలిపి 155 కిలోలనుకుంటే టన్నుకు నాది 82 పీఎస్, దానిది 115. ఓవర్‌టేక్‌లో ఈ తేడా ప్రాణం కాపాడేంత. సుజుకీ జిక్సర్ ఎస్ఎఫ్ 250 కూడా చూశాను, మంచి బండే, కానీ దాని పవరూ 26.5 పీఎస్సే. ఉన్నచోటే ఉండటానికి డబ్బు ఎందుకు పెట్టాలి?

ఇంకో రెండు కారణాలున్నాయి. నా బండి తయారైంది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ రాకముందు. ఇప్పుడు బంకుల్లో దొరికేది అదే. రబ్బరు పైపులు, పంపు ఎన్నాళ్లు తట్టుకుంటాయోనన్న టెన్షన్ లోపల ఉంది. 2028కి ఆర్సీకి పదిహేనేళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ అంటూ తిరగాలి.

అడ్డం పడుతున్నది జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ పైన 40కి పోయింది. డామినార్ 373 సీసీ. ఇరవై మూడు సీసీల కోసం గీతకు అటువైపు పడింది పాపం. ఆరువందల యాభైల సంగతి సరే సరి. కవాసాకి వెర్సిస్ 650కి 21 లీటర్ల ట్యాంకుంది, చూస్తే మనసు లాగుతుంది. నింజా 1100ఎస్ఎక్స్ ఫొటోలు ఇప్పటికీ ఫోన్‌లో ఉన్నాయి. కానీ 1,099 సీసీ బండితో సాయంత్రం తిరుపతి లీలామహల్ సర్కిల్ దాటడం ఒకసారి ఊహించుకోండి. బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వే మీదికి బైకుల్ని రానివ్వరు. తిరుమల కొండ దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు కిందికి రాకూడదు. మన దారుల్లో ఆ గుర్రాలు పరిగెత్తే చోటేది? నా మటుకు 40 పీఎస్ దగ్గర ఆశకు గేటు వేసేశాను.

డామినార్ మీద ఒకటే పేచీ. నెమ్మదిగా యూటర్న్ తిప్పేటప్పుడు ఆ బరువంతా చేతికి తెలుస్తుంది. గాంధీ రోడ్డు సందుల్లో రోజూ తిప్పాలంటే ఆలోచించాల్సిందే. గేరు దించినప్పుడు వెనక చక్రం కుదుపు తగ్గించే స్లిప్పర్ క్లచ్, హెడ్‌లైట్ మాత్రం నాకు బాగా నచ్చాయి.

ముందు చక్రానికి కొత్త టైరు ఆర్డర్ పెడుతున్నాను. కోడ్ ఈ ఏడాదిది కాకపోతే తిప్పి పంపేస్తానని షాపులో ముందే చెప్పాను. వేశాక 200 కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి, అదే రోడ్డులో, అదే 29 పీఎస్ఐతో, మొదట బాక్స్ లేకుండా, తర్వాత బాక్స్‌తో మళ్లీ వీడియో తీస్తాను. అప్పటికీ వణికితే స్వింగార్మ్ విప్పడమే. వణుకు పోయినా పోకపోయినా, పీలేరులో ఉన్న మా బావమరిది డామినార్‌ను వచ్చే నెల రెండు రోజులకు అడిగాను. మా ఆవిడను ఎక్కించుకుని భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లె, అక్కణ్నుంచి హార్సిలీ హిల్స్. వెనక సీటు మార్కులు ఆవిడే వేస్తుంది. నా బాక్స్ ప్లేటు దాని క్యారియర్ బోల్టులకు సరిపోతుందో లేదో కొలవడానికి టేపు కూడా బ్యాగులో పెట్టుకోవాలి.