211 చేరాలి, అంతే
ఉత్తర వర్జీనియా సమ్మర్ స్విమ్ లీగ్‌లో పిల్లలున్న మనవాళ్ల కోసం. శనివారం పొద్దున స్కోరు చూసి కంగారు పడేముందు లెక్క తెలుసుకోండి.

రెండు జట్లు తలపడే మీట్‌లో (పోటీలో) వ్యక్తిగత రేసులు 40, రిలేలు (జట్టులో ఒకరి తర్వాత ఒకరు ఈదే రేసులు) 12. రేసులో మొదటి మూడు స్థానాలకు 5, 3, 1 పాయింట్లు. రిలేలో గెలిచినవాళ్లకే 5, ఓడినవాళ్లకు సున్నా. మొత్తం 420, కాబట్టి గెలుపుకు 211.

రిలేల ముందు 195-165 ఆధిక్యం చాలా పెద్దదిగా కనిపిస్తుంది. కానీ మిగిలిన 12లో మూడే గెలిస్తే 210-210, టై! నాలుగోది కావాల్సిందే. అందుకే మంచి కోచ్‌లు రిలే జట్ల గురించి ముందు రోజే తల బద్దలు కొట్టుకుంటారు.

దగ్గరి మీట్లు డిస్‌క్వాలిఫికేషన్లతో (నియమం తప్పినందుకు ఆ రేసు ఫలితం రద్దవడం) చేజారిపోవచ్చు. బ్రెస్ట్‌స్ట్రోక్ అనే ఈతలో గోడకు రెండు చేతులకు బదులు ఒక్క చెయ్యే తగలడం, రిలేలో ముందువాళ్లు గోడ తాకకముందే తర్వాతివాళ్లు దూకేయడం. రిలేలో ఆ తొందర ఖరీదు 10 పాయింట్ల తేడా: మనకు రావాల్సిన 5 పోయి, అవతలివాళ్లకు 5 చేరతాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లల చేత రెండు చేతులతో గోడ తాకడం రోజూ సాధన చేయించండి. వేగం సంగతి తర్వాత.

డివిజన్‌లో (లీగ్‌లోని ఒక్కో గ్రూపులో) ఆరు జట్లు, ఒక్కొక్కరికి ఐదు మీట్లు. అక్కడ చూసేది గెలుపోటములే. 211-209తో గెలిచినా, 300 కొట్టినా ఒకటే గెలుపు. మూడో స్థానానికి వచ్చే ఆ ఒక్క పాయింటు కోసం అంత అరుపులెందుకో ఇప్పుడు అర్థమైందా?