గోధుమరంగు తిరిగిన ప్లేటు

ఉదయం ఇంక్యుబేటరు తెరిచేసరికి వలిసె గింజల అగార్ (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ) మీది కాలనీలు ముదురు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్ అనే ఈస్టును గుర్తించడానికి ఇది పాత పద్ధతే. ఆ గింజల సారం కలిపిన మాధ్యమం మీద ఈ ఈస్టు రంగు తిరుగుతుందని స్టైబ్ అనే శాస్త్రజ్ఞుడు 1962లో తెలియజేశాడు. పక్కనే పెంచిన కాండిడా అనే మరో ఈస్టు కాలనీలు తెల్లగానే ఉండిపోతాయి. గింజలలోని కెఫీక్ ఆమ్లాన్ని లాకేస్ అనే ఎంజైము ఆక్సీకరిస్తే మెలనిన్ అనే ముదురు రంగు పదార్థం తయారై కణకవచంలో పేరుకుంటుంది.

ఎన్నిసార్లు చూసినా నన్ను ఆలోచనలో పడేసేది ఒక్కటే: ఈ ఈస్టుకు మెలనిన్ ముడిసరుకును సొంతంగా తయారు చేసుకునే శక్తి లేదు, దాన్ని బయటి నుంచే తెచ్చుకోవాలి. మనిషి శరీరంలో అటువంటి పదార్థాలైన డోపమైన్, నారెపినెఫ్రిన్ మెదడులో దొరుకుతాయి, ఈ ఈస్టు తెచ్చే ప్రాణాంతకమైన జబ్బు కూడా మెదడుపొరల వాపే. దానికి మెదడంటే మక్కువ ఇందువల్లనే అని తేల్చి చెప్పడం తొందరపాటవుతుంది గాని, మన నాడీకణాలు వాడుకునే రసాయనంతోనే అది తన రక్షణను అల్లుకోగలదన్న మాట మాత్రం నిజం. జన్యుమార్పు వల్ల మెలనిన్ లేని రకాలు (మ్యూటెంట్లు) ఎలుకలలో తీవ్రమైన జబ్బు కలిగించలేకపోతున్నాయని 1982లోనే చూపించారు.

ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు దారి వేరు; అది తన మెలనిన్‌ను చిన్న కర్బన అణువులతో తానే నిర్మించుకుంటుంది. అందుకు కావలసిన జన్యువును తీసేస్తే బూడిద-ఆకుపచ్చ సిద్ధబీజాలు తెల్లబడతాయి, వాటిని మింగిన రక్షణకణాలు వాటిని సులువుగా నాశనం చేస్తాయి. వరిలో అగ్గి తెగులు తెచ్చే శిలీంధ్రం ఇదే రకం మెలనిన్‌ను మరో పనికి వాడుతుంది: లోపలి గ్లిసరాల్ బయటికి కారిపోకుండా ఆపి, సుమారు 80 అట్మాస్ఫియర్ల ఒత్తిడితో ఆకును పొడుస్తుంది. ట్రైసైక్లజోల్ అనే తెగులు మందు ఆ మెలనిన్ తయారీనే అడ్డుకుంటుంది.

కొత్తగా చేరిన అమ్మాయి ప్లేటు చూసి, "మేడమ్, బ్లాక్ ఫంగస్ అంటే ఇదేనా?" అని అడిగింది. కాదని చెప్పాను. కోవిడ్ కాలంలో ఆ పేరుతో ప్రచారమైన మ్యూకోర్‌మైకోసిస్‌లో నలుపు శిలీంధ్రానిది కాదు, రక్తప్రసరణ ఆగి చచ్చిపోయిన కణజాలానిది. పత్రికలు అంటగట్టిన పేరు ఇప్పట్లో వదిలేలా లేదు.

మధ్యాహ్నమంతా మందుల పరీక్ష ఫలితాలు రాస్తూ గడిపాను, అసలు చిక్కు అక్కడే ఉంది. శిలీంధ్రాల మీద వాడే మందులైన ఆంఫోటెరిసిన్-బి, కాస్పోఫంగిన్‌ల అణువులు మెలనిన్‌కు అంటుకుపోతాయి, అందువల్ల లోపలికి చేరవలసిన మందులో కొంత గోడలోనే చిక్కుకుంటుంది. 2002లో వెలువడిన పరిశోధన ప్రకారం రంగు పట్టిన ఈస్టు ఈ రెండు మందులకూ తక్కువగా లొంగింది, ఫ్లుకొనజోల్ అనే మరో మందు విషయంలో మాత్రం తేడా కనబడలేదు. మనం పరీక్షకు వాడే మాధ్యమంలో మెలనిన్‌కు కావలసిన ముడిసరుకే ఉండదు. అంటే రోగి మెదడులో కవచం తొడుక్కుని ఉన్న శత్రువు బలాన్ని, ఇక్కడ కవచం విప్పి నిలబెట్టి కొలుస్తున్నామన్నమాట. రిపోర్టులో రాసే ఎమ్ఐసీ (పెరుగుదలను ఆపే కనీస మందు మోతాదు) అంకె తప్పని నేను అనను, కాని అది దేనిని కొలిచిందో చదివేవారికి తెలియాలి. కనీసం ఒక వ్యాఖ్య అయినా జతచేయడం మంచిదని నా అభిప్రాయం, దానికి పైవారు ఒప్పుకుంటారో లేదో చూడాలి.

అంతవరకు ఇదే స్ట్రెయిన్‌ను మెలనిన్‌కు ముడిసరుకైన ఎల్-డోపా కలిపిన మాధ్యమంలో కొంత, కలపని మాధ్యమంలో కొంత పెంచి, రెండింటికీ ఆంఫోటెరిసిన్ వేసి, కొన్ని గంటలకోసారి ఎన్ని కణాలు బతికి ఉంటున్నాయో లెక్కించాలని అనుకుంటున్నాను. ఎల్-డోపా వెలుతురు తగిలితే తనంతట తానే నల్లబడుతుంది కాబట్టి, రేపు ముందుగా సీసాలకు రేకు చుట్టించాలి.