రాత్రి గడ్డ కట్టిందా?

మన బడిలో ఋతువుల పాఠం వచ్చినప్పుడు వసంతం అనగానే మామిడి చిగురు, కోయిల, మల్లెపూలు వరసగా వచ్చేసేవి. శిశిరాన్ని తెలుగు మాస్టారు "ఆకులు రాలును" అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. ఆ పాఠంలో లేని వసంతం ఒకటుంది. మన బడి సంచికకి ఏదో ఒకటి రాయమన్నారు కదా, దాని గురించే రాస్తున్నాను. అమెరికా ఈశాన్య మూల, కెనడా సరిహద్దుని ఆనుకుని వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం ఉంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడి మనుషులు 6,43,077 మంది. మన విశాఖలో సగం కూడా కాదు. రాష్ట్రం రోడ్లలో సగానికి పైగా ఇప్పటికీ మట్టిరోడ్లే. అమెరికా అంటే తారు, సిమెంటు అనుకునేవాళ్లు ఈ మాట అంత తొందరగా నమ్మరు.

అక్కడి వాళ్ల లెక్కలో ఋతువులు ఐదు. చలికాలానికీ వసంతానికీ నడుమ బురద కాలం. మార్చి నెలాఖరు నుంచి మే మొదటి వారం దాకా ఊళ్లో ఎవరు ఎవరికి ఎదురైనా అడిగే ప్రశ్న ఒకటే: రాత్రి గడ్డ కట్టిందా? కారు ఎప్పుడు తీయాలి, చెట్టు నీరు ఇస్తుందా, మొక్కలు బయట పెట్టొచ్చా, అన్నీ ఆ ఒక్క జవాబు మీదే నడుస్తాయి.

ముందు బురద సంగతి. చలికాలంలో పొలం మీద మంచు దుప్పటిలా పరుచుకుని ఉంటుంది కాబట్టి దాని కింద నేల మరీ లోతుకి బిగుసుకోదు. రోడ్డు మీది మంచుని మాత్రం ఎప్పటికప్పుడు బండ్లతో పక్కకి తోసేస్తారు. దుప్పటి లేని ఆ నేల మూడు నాలుగు అడుగుల లోతు దాకా రాయిలా గడ్డ కడుతుంది. మార్చి ఎండకి మొదట కరిగేది పై జానెడే. అడుగున ఇంకా గడ్డే, నీరు ఇంకడానికి దారి లేదు. మన వరి మడిలో అడుగున గట్టి పొర ఉండి నీళ్లు నిలబెడుతుంది చూడండి, ఇదీ అంతే. దమ్ము చేసిన మడిలో మనం కారు నడపం, వీళ్లు నడపక తప్పదు.

అలాంటి రోడ్డు మీద బండి నడపడానికి కొన్ని పద్ధతులున్నాయి. రాత్రి సున్నా కిందికి పోయి ఉంటే తెల్లవారుజామున పైపొర మళ్లీ గట్టిపడుతుంది. పనులున్నవాళ్లు ఎండ ఎక్కకముందే బయటపడి, మళ్లీ చీకటి పడ్డాకే తిరిగొస్తారు. మధ్యాహ్నం వెళ్లక తప్పకపోతే చక్రాలు పాత గాడిలో దిగకుండా, ఒక వైపువి నడిమి గట్టు మీద, రెండో వైపువి అంచు మీద ఉండేట్టు పట్టుకుని, తక్కువ గేరులో ఒకే వేగంతో పోవాలి. మధ్యలో బ్రేకు వేస్తే అక్కడే ఆగిపోతారు. గాడి లోతు కారు పొట్ట ఎత్తుని దాటిందంటే చక్రాలు గాలిలో తిరుగుతాయి, పొట్ట మట్టి మీద కూర్చుంటుంది. అప్పుడు యాక్సిలరేటరు తొక్కేకొద్దీ ఇంకా దిగుతుంది. దిగబడ్డ కారుని అక్కడే వదిలేసి, మర్నాడు తెల్లారి నేల బిగిశాక లాగించడం తెలివైన పని. దారి చూపే ఫోన్‌ని నమ్మి అడ్డదారి పట్టే పొరుగూరి వాళ్లు ఏటా ట్రాక్టరున్న రైతుని నిద్రలేపుతుంటారు.

పంచాయతీ వాళ్లు బ్లేడు బండి తెచ్చి చదును చేయొచ్చు కదా అని కొత్తవాళ్లు విసుక్కుంటారు. తడి మీద బ్లేడు పెడితే ఉన్న కంకర కూడా బురదలో కలిసిపోతుంది. మరీ ఘోరమైన చోట లారీడు రాయి పోసి ఊరుకుంటారు, ఆరాకే చదును. ఈలోపు బరువు బండ్లకి నిషేధం బోర్డులు కట్టేస్తారు. కట్టెల లారీ రాదు, పొయ్యికీ హీటరుకీ నూనె తెచ్చే ట్యాంకరూ రాదు. అందుకే జాగ్రత్త గలవాళ్లు ఫిబ్రవరిలోనే ట్యాంకు నింపించేస్తారు. కొన్ని చోట్ల స్కూలు బస్సు కూడా తారురోడ్డు దగ్గరే ఆగిపోతుంది, పిల్లల్ని అక్కడిదాకా దింపాల్సిందే. దాదాపు ప్రతి ఇంటికీ గుమ్మంలో బూట్లు విప్పే చిన్న గది ఒకటి ఉంటుంది, దాని పేరే బురద గది. చెప్పులు బయట విప్పడం మనకి కొత్తగా నేర్పక్కర్లేదు గానీ, మోకాలి దాకా ఉండే రబ్బరు బూట్లు బురదలో ఇరుక్కుని కాలు మాత్రమే బయటికి రావడం మాత్రం కొత్తే.

ఇదే చలీ ఎండా దోబూచులాట అక్కడి చెట్లలో తీపి నీరు పారిస్తుంది. మేపుల్ చెట్టు నుంచి కారే ఆ నీటిని మరిగించి చేసేదే మేపుల్ పాకం, దాని తయారీలో అమెరికాలో మొదటి స్థానం వెర్మాంట్‌దే. అనకాపల్లి వైపు గానుగల పక్కన పెరిగిన మన బడి పిల్లలకి ఈ పని సగం తెలిసినట్టే ఉంటుంది. తెలియని సగం గురించి కొంచెం వివరంగా చెబుతాను.

రాత్రి మైనస్ 4, 5 డిగ్రీలు, పగలు ప్లస్ 5 ఉన్న రోజు మంచి రోజు. రాత్రి చలికి చెట్టు బెరడు కింది లేత చెక్కలోని గాలి కుంచించుకుని వేరు నుంచి నీటిని పైకి లాగుతుంది. పగలు వేడెక్కితే లోపల ఒత్తిడి పెరిగి, మనం తొలిచిన కన్నం ఉన్న చోట నీరు బయటికి తోసుకొస్తుంది. అదే పనిగా చల్లగా ఉన్నా, అదే పనిగా వెచ్చగా ఉన్నా చుక్క రాదు. మన గీత కార్మికుడు గెలకి రోజూ కొత్త కోత పెట్టాలి. ఇక్కడ సీజనంతటికీ ఒకటే కన్నం, మిగతాది వాతావరణం చూసుకుంటుంది.

చెట్టు మన ఛాతీ ఎత్తులో కనీసం 10–12 అంగుళాల మందం ఉండాలి, అంటే చుట్టుకొలత దాదాపు మూడడుగులు. అంతకంటే సన్నని చెట్టుకి కన్నం పెట్టడం లేగదూడ గల ఆవుని పూర్తిగా పిండేయడం లాంటిది. 8 మిల్లీమీటర్ల బిట్టుతో, ఒకటిన్నర అంగుళం లోతు, నీరు కిందికి జారేట్టు కొద్దిగా పైకి వాలుగా తొలవాలి. బయటికొచ్చే పొట్టు మీగడ రంగులో ఉంటే బతికిన చెక్క. గోధుమ రంగులో వస్తే అది చచ్చిన చెక్క, అక్కడ నీరు కారే చిన్న గొట్టం పెట్టి లాభం లేదు. గొట్టాన్ని సుత్తితో మెల్లగా కొడుతుంటే చప్పుడు మారుతుంది, అక్కడ ఆపేయాలి. ఇంకో దెబ్బ వేస్తే చెక్క చీలి నీరంతా బెరడు మీదుగా కారిపోతుంది. పాత కన్నానికి పైనా కిందా నిలువు చారలా చెక్క చచ్చిపోతుంది కాబట్టి మరుసటి ఏడు కన్నం పక్కకి జరగాలి. తోటలు పెద్దవైతే గొట్టం కింద తగిలించే బకెట్లుండవు. చెట్టు నుంచి చెట్టుకి ప్లాస్టిక్ గొట్టాలు, చివర వాక్యూమ్ పంపు. ఉడతలు ఆ గొట్టాలు కొరికితే ఎక్కడ గాలి పీలుస్తోందో చెవితో విని వెతుక్కుంటూ మంచులో నడవాలి.

చెరుకు రసంలో తీపి నూటికి పదిహేను పాళ్లు దాటుతుంది. మేపుల్ నీటిలో రెండే పాళ్లు. నోట్లో వేసుకుంటే మామూలు నీళ్లే అనిపిస్తుంది. ఎన్ని లీటర్లు మరిగిస్తే ఒక లీటరు పాకం అన్నదానికి పాతవాళ్ల లెక్క ఒకటుంది: 86ని తీపి శాతంతో భాగించడమే. రెండు శాతమైతే 43 లీటర్లు. అందులో 42 లీటర్లు ఆవిరైపోవాలి కాబట్టి వంటింట్లో మొదలుపెట్టినవాళ్ల గోడ కాగితాలు ఊడిపోతాయి. అందుకే కప్పులో ఆవిరి పోవడానికి తలుపులున్న వేరే పాక కడతారు. పెద్ద ఎత్తున చేసేవాళ్లు ఇప్పుడు ముందు ఆర్వో మిషన్‌లో సగానికి పైగా నీరు తీసేసి ఆ తర్వాతే పొయ్యి ఎక్కిస్తున్నారు. మనం తాగునీటికి వాడే మిషన్ లాంటిదే, కాకపోతే మనం పారబోసేదే వాళ్లు ఉంచుకుంటారు. ఈ నీరు పాల లాంటిది, వెచ్చటి చోట ఉంచితే పులుస్తుంది. మంచులో పాతిపెట్టి ఉంచినా రెండు మూడు రోజుల్లో వండేయాలి.

పెనంలో లోతు అంగుళం కంటే తగ్గనివ్వకూడదు. తగ్గిందా, నిమిషాల్లో మాడి పెనం కూడా పాడవుతుంది. పొంగు వస్తే చిటికెడు వెన్న. గానుగ దగ్గర మనవాళ్లు వేసే నూనె చుక్క చేసే పనే అది కూడా చేస్తుంది. ఆ రోజు ఆ ఎత్తులో నీరు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుందో ముందు చూసుకుని, దానికి నాలుగు డిగ్రీలు కలిపితే పాకం అయినట్టు. వెర్మాంట్ చట్టం ప్రకారం సాంద్రత 66.9 బ్రిక్స్ (పాకంలో చక్కెర శాతం చెప్పే కొలత) ఉండాలి, చాలాచోట్ల 66 చాలు. తక్కువైతే బూజు పడుతుంది, ఎక్కువైతే సీసా అడుగున కలకండ పేరుకుంటుంది. పరికరాలు లేని పాతకాలం వాళ్లు గరిటె ఎత్తి అంచు చూసేవారు. చుక్కలు విడివిడిగా రాలుతుంటే ఇంకా కావాలి. రెండు చుక్కలు కలిసి, వెడల్పుగా పొరలా వేలాడి, అప్పుడు తెగిందంటే దించేయాలి. తీగపాకం చూసే కళ్లకి అది చిటికెలో అర్థమవుతుంది. మడ్డి పైకి తేలదు, సన్నని ఇసుకలా అడుగుకి దిగుతుంది. అది చెట్టులోని ఖనిజాల ఉప్పు. ఉన్ని వడపోత గుడ్డలోంచి వేడివేడిగా వడకట్టి, 82 డిగ్రీలకి తగ్గకుండా సీసాల్లో పోసి, మూత కూడా కాగేట్టు ఒకసారి పడుకోబెడతారు.

సీజన్ మొదట్లో పాకం లేత బంగారు రంగు, పోనుపోను నల్లబడుతుంది. నల్లదే రుచి అని నా ఓటు, ఇడ్లీ మీదైనా దోసె మీదైనా అది నిలబడుతుంది. ఉగాది సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తుంది. పచ్చడికి వేపపువ్వు ఇంటి నుంచి తెచ్చుకున్నదే గతి. బెల్లం బదులు మేపుల్ పాకం వేస్తే మాత్రం చింతపండు నీళ్లు సగానికి తగ్గించాలి, లేకపోతే పచ్చడి చారవుతుంది. పాకాన్ని ఇంకొంచెం ముదరనిచ్చి శుభ్రమైన మంచు మీద తీగలా పోస్తే జీడిలా సాగుతుంది. అది తింటూ మధ్యమధ్య పుల్లటి ఊరదోసకాయ కొరకడం అక్కడి ఆచారం. వింతగా ఉంటుంది గానీ తీపి మొహం మొత్తకుండా చేస్తుంది.

చెట్టు మొగ్గలు ఉబ్బితే నీటికి ఒక చెడు వాసన వస్తుంది, ఎంత మరిగించినా పోదు. ఆ వేళకి చిత్తడి గుంటల్లో బొటనవేలి గోరంత చెట్టుకప్పలు రాత్రంతా గుంపుగా ఈలలు వేస్తుంటాయి. ఆఖరి విడత నీటిని అందుకే కప్పల విడత అంటారు. గొట్టాలు పీకేసి కడిగి పెట్టుకోవాలి. కన్నాన్ని ఏమీ పెట్టి మూయనక్కర్లేదు, చెట్టే పూడ్చుకుంటుంది.

ఊరి సభ గురించి ఒక మాట. మార్చి మొదటి మంగళవారం, బురద మొదలయ్యే ముందు, ఊరంతా ఒక హాల్లో కూర్చుని ఏడాది బడ్జెట్‌కి ఓటు వేస్తుంది. రోడ్డు కంకరకి ఎంత అన్న దగ్గరే ఎక్కువ గొడవ. గ్రామసభ అంటే సంతకాల పుస్తకం అనుకునే మనం ఒకసారి చూడదగ్గది. మే మొదటి శనివారం, 1970 నుంచి, ఊరివాళ్లు ఆకుపచ్చ సంచులు పట్టుకుని మంచు కరిగాక బయటపడ్డ చెత్తంతా రోడ్డు పక్కన ఏరుతారు.

ఇళ్లకి నేలమాళిగ ఉంటుంది. మంచు కరిగే వారంలో నీరు దిగేది అక్కడికే. ఆ నీటిని తోడే పంపు పనిచేస్తోందో లేదో మార్చిలోనే గుంటలో ఒక బకెట్ నీళ్లు పోసి చూసుకోవాలి. వానా కరెంటు కోతా కలిసి వస్తాయి కాబట్టి బ్యాటరీ లేని పంపు అవసరానికి అక్కరకి రాదు. వచ్చే చలికాలం కట్టెలు కూడా ఇప్పుడే చీల్చి పేర్చాలి. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవు పేరిస్తే ఒక కార్డ్. కట్టెల మీదే బతికే ఇంటికి ఏడాదికి నాలుగైదు కార్డ్‌లు పడతాయి. పైన మాత్రమే కప్పాలి, పక్కలు మూస్తే ఆరదు. పచ్చికట్టె కాలిస్తే పొగగొట్టంలో తారు పేరుకుని నిప్పంటుకుంటుంది.

మే నెలలో వాగుల ఒడ్డున చుట్ట చుట్టుకున్న ఫెర్న్ (పూలు పూయని ఆకు మొక్క) మొలకలు వస్తాయి. ఆకుకూర కనిపిస్తే చేయి ఆగని జాతి మనది కాబట్టి హెచ్చరిక: తినదగ్గది ఆస్ట్రిచ్ ఫెర్న్ ఒక్కటే. కాడ లోపలి వైపు లోతైన గాడి ఉంటుంది, నూగు ఉండదు, కాగితం లాంటి గోధుమ పొట్టు ఉంటుంది. పచ్చిగానో, పైపైన వేయించో తిన్నవాళ్లకి వాంతులు విరేచనాలు పట్టుకున్న సందర్భాలున్నాయి. పొట్టు తీసి కడిగి, పదిహేను నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోశాకే పోపు. ఒక్కో దుబ్బు నుంచి మూడుకి మించి తెంపకూడదు, తెంపితే దుబ్బు నీరసిస్తుంది. అడవి నుంచి వచ్చాక మోకాలి వెనక, నడుము దగ్గర, జుట్టులో పిడుదులు వెతకాలి. నాలుగు డిగ్రీలు దాటిందంటే అవి తిరుగుతాయి, లైమ్ జబ్బు తెస్తాయి. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్ల చూపించడం పనికిరాదు. బట్టలు పది నిమిషాలు వేడి డ్రయ్యర్‌లో తిప్పితే మిగిలినవి చస్తాయి. మే నడిమి నుంచి నల్ల ఈగలు. పారే నీటిలో పుడతాయి, జుట్టు మొదట్లో కుడతాయి.

మొక్కల దగ్గర తొందరపడేవాళ్లే ఎక్కువ దెబ్బ తింటారు. మే మొదటి వారంలో ఒక రోజు ఇరవై డిగ్రీలు ఎండ కాస్తుంది, దాన్ని చూసి టమాటా నారు బయట పెడితే మూడో రాత్రికి నల్లగా మాడిపోతుంది. మే ఆఖరి సోమవారం, వాళ్ల మెమోరియల్ డే, దాటాకే నాటాలన్నది పాత మాట. మిరప గింజ అంతకి పది వారాల ముందు, టమాటా ఏడు వారాల ముందు ఇంట్లో కిటికీ దగ్గర వేసుకోవాలి. నాటే ముందు వారం పది రోజులు పగలు బయట, రాత్రి లోపల, మొదటి రోజు నీడలో గంట చాలు. గోంగూరకి గాలి వెచ్చబడితే సరిపోదు, నేల వెచ్చబడాలి. వేలు మట్టిలో పెట్టి పదిదాకా లెక్కపెట్టినా జివ్వుమనకపోతే అప్పుడు గింజ వేయండి. జూన్ మొదటి వారం అవుతుంది.