పార్కులో మా రాణి నడక కోసం పడ్డ పాట్లు

ఎట్టకేలకు మా కుక్క రాణి కాలనీ పార్కులో నడుస్తోంది. కాలనీ కమిటీ సంతకం పెట్టిన అనుమతి కాగితం నా చేతికొచ్చింది. దాని కోసం నేను పడిన అవస్థ విశాఖలో కుక్కను పెంచుకునే ప్రతి ఒక్కరికీ తెలియాలి. అందుకే కోపం చల్లారకముందే రాస్తున్నాను.

రాణి జాతి కుక్క కాదు. వానలో తడుస్తూ మా గేటు దగ్గర కనబడిన నాటు పిల్ల. డాక్టరు దగ్గర పని సాఫీగానే అయింది. మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత బూస్టరు, అక్కణ్ణుంచి ఏడాదికోసారి. మధ్యమధ్యలో నులిపురుగుల మందు. ఆ టీకా పుస్తకం, ఆధార్, రాణి ఫొటో మున్సిపల్ ఆఫీసుకి పట్టుకెళ్తే కుక్కను పెంచుకునే లైసెన్సు కూడా వచ్చింది. కాస్త తిప్పారు, అంతే.

గేటు దగ్గర మొదలైంది అసలు గొడవ. "కుక్కలకు ప్రవేశం లేదు" అని బోర్డు. వాచ్‌మన్ "నానేటి సెయ్యనమ్మా, కమిటీవోళ్ళు రానీయొద్దన్నారు" అన్నాడు. అతన్ని అనడానికేం లేదు. కానీ అదే పార్కులో, గోడ పడిపోయిన చోటు నుంచి దూరిన వీధి కుక్కలు గుంపుగా పడుకుని ఉంటాయి. వాటికి బోర్డు వర్తించదు కాబోలు!

పెద్దలతోనే మాట్లాడదామని సాయంత్రం పార్కులో జరిగే కమిటీ మీటింగుకి వెళ్ళాను. వాచ్‌మన్‌కి చెప్పి, రాణిని గొలుసు పట్టుకునే తీసుకెళ్ళాను. జారుడుబల్ల దగ్గర ఏదో కుక్క దొడ్డికెళ్ళి ఉంది. ప్రెసిడెంటు గారు నన్ను చూడగానే అందరికీ వినబడేలా "ఇదిగో, ఇదీ మీ కుక్కల నిర్వాకం" అన్నారు. "సార్, మాది ఇప్పుడేగా గేటు దాటింది" అన్నాను. "వీధి కుక్కకీ దీనికీ తేడా ఏముందమ్మా? కుక్కతో వచ్చింది మీరు, మీరే ఎత్తండి" అన్నారు. వాకింగ్‌కి వచ్చినవాళ్ళంతా ఆగిపోయారు. ఒకతను ఫోన్ తీసి వీడియో కూడా తీశాడు. రోజూ నాతో కూరల దగ్గర కబుర్లు చెప్పే ఆవిడ తల తిప్పేసుకుంది.

చేతికి కవరు తొడుక్కుని ఎత్తాను. ఆయన అన్నారని కాదు. అక్కడ పిల్లలు చెప్పుల్లేకుండా ఆడతారు. కుక్క మలంలోంచి వచ్చే కొంకిపురుగు లార్వాలు అరికాలి చర్మంలోకి దూరతాయి. ఏలికపాము గుడ్లు మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. అంత తెలిసీ వదిలేసి రాలేకపోయాను. తీరా చూస్తే పార్కు మొత్తంలో చెత్తబుట్ట లేదు. ఆ కవరు పట్టుకుని అంతమంది మధ్యలోంచి గేటు దాకా నడిచాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. నా వయసుకి, నేను చేసిన ఉద్యోగానికి అలా నిలబెట్టి ఎవరూ మాట్లాడలేదు.

"బీచ్‌కి తీసుకెళ్ళొచ్చుగా" అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. శీతాకాలం చివర్లో మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కుక్కలు ఆ గుంటలు తవ్వి గుడ్లు తినేస్తాయి. గుడ్లు సేకరించి హేచరీల్లో, అంటే కంచె వేసి పొదిగించే చోట్లలో, ఉంచే అవసరం రావడానికి అదీ ఒక కారణం. ఆ నెలల్లో కుక్కను ఇసుకలో వదిలేసి సెల్ఫీలు దిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పోనీ ఎండాకాలం రోడ్డు మీద నడిపిద్దామంటే, అరచేతి వెనకవైపు నేలకి ఆనించి చూడండి. ఐదారు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి.

నాకు దారి చూపింది భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు. పార్కుల్లో పెంపుడు కుక్కలను నిషేధించడం సరికాదనీ, కావాలంటే వేళలు మాట్లాడుకోవచ్చనీ, మూతికి బుట్ట తప్పనిసరి చేయకూడదనీ అందులో ఉంది. ప్రింటు తీసి, టీకా పుస్తకం, లైసెన్సు జతచేసి అర్జీ పెట్టాను. కమిటీలో నేవీలో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయన ఒక్కరే కాగితం మొత్తం చదివారు. "నిషేధానికి మన దగ్గర రూలు ఉంటే చూపించండి" అని అడిగారు. ఎవరి దగ్గరా లేదు.

పొద్దున ఏడు లోపు, రాత్రి ఎనిమిది తర్వాత అని రాసుకున్నాం. పిల్లలు ఆడే వైపు వెళ్ళకూడదు, గొలుసు విప్పకూడదు, ఎదకొచ్చిన రోజుల్లో తీసుకురాకూడదు. అన్నిటికీ ఒప్పుకున్నాను, అన్నీ న్యాయమైనవే. మూతిబుట్టకి మాత్రం ఒప్పుకోలేదు. సాగే లీష్ ఎవరూ కొనకండి, అవతలి కుక్క మీదికి దూకితే సమయానికి ఆపలేం. ఆరడుగుల మామూలు పట్టీ చాలు. పార్కులో ఇప్పుడు రెండు చెత్తబుట్టలున్నాయి, నా డబ్బుతో పెట్టించినవి. ఇప్పుడు వాటిని అందరూ వాడుతున్నారు, ప్రెసిడెంటు గారితో సహా.

వీధి కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, టీకాలు చేయించమనీ, గోడ కట్టించమనీ వేరే అర్జీ ఇచ్చాను. దానికింకా జవాబు రాలేదు. రసీదు మాత్రం తీసుకున్నాను. మీరూ ఏ ఆఫీసులోనైనా రసీదు చేతిలో పడేదాకా కౌంటరు దగ్గర నుంచి కదలకండి.